గుద్ది ఆగకుండా వెళ్లిపోతే ఏమవుతుంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు హైవే మన రెండు జిల్లాలనూ నిలువునా చీల్చుకుంటూ పోతుంది. వెంకటాచలం టోల్‌గేటు, నెల్లూరు, కోవూరు, మూసునూరు టోల్‌గేటు, కావలి, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు. ఊరు ఒక పక్క ఉంటే పొలం ఇంకో పక్క. దాటకపోతే పూట గడవదు. ఆ రోడ్డు మీదే కృష్ణపట్నం పోర్టు లారీలు, చీమకుర్తి గ్రానైటు బండ్లు, రొయ్యల వ్యాన్లు, కూలీలను ఎక్కించుకున్న ఆటోలు. ఒంగోలు కోర్టులో లాయరుగా నా దగ్గరికి వచ్చే యాక్సిడెంటు కేసుల్లో గుద్దడం వల్ల వచ్చిన చిక్కు కొంతే. గుద్దాక చేసిన పనుల వల్ల వచ్చింది ఎక్కువ. అందుకే పదే పదే అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాశాను.

తప్పు నాది కాదు సార్. అతనే అడ్డం వచ్చాడు. అయినా ఆగాలా?

ఆగాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ తప్పు ఎవరిదని చూడదు. మీ బండి ఉన్న ప్రమాదంలో మనిషికి దెబ్బ తగిలినా, వేరేవాళ్ల ఆస్తి పాడైనా డ్రైవరు చేయాల్సినవి మూడున్నాయి. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాలి. పోలీసులు అక్కడే ఉంటే అడిగినవి చెప్పాలి, లేకపోతే దగ్గర్లోని స్టేషనుకు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు వెళ్లి జరిగింది చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కాగితం మీద రాసి తెలియజేయాలి. ఈ మూడోదాన్ని నూటికి తొంభైమంది మర్చిపోతారు.

తప్పు ఎవరిదన్నది కోర్టు తేలుస్తుంది. మీరు వెళ్లిపోతే మాత్రం, అతనే అడ్డం వచ్చాడన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు. తప్పు లేనోడు ఎందుకు పారిపోయాడని జడ్జిగారి కంటే ముందు మీ ఇంట్లోవాళ్లే అడుగుతారు.

ఆగితే జనం చితక్కొడతారు కదా! ప్రాణం పోయాక చట్టం వచ్చి కాపాడుతుందా?

ఈ భయం ఉత్తది కాదు. లారీ డ్రైవర్లను కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టడం, అద్దాలు పగలగొట్టడం, బండికి నిప్పు పెట్టడం మన వైపూ కొత్తేమీ కాదు. చట్టం రాసినవాళ్లకూ ఇది తెలుసు. అందుకే అదే 134వ సెక్షన్‌లో, జనం ఆగ్రహం వల్లగానీ తన చేతిలో లేని ఇంకే కారణం వల్లగానీ వీలుకానప్పుడు తప్ప, క్షతగాత్రుడికి వైద్యం అందేలా చూడాలని ఉంది. అంటే గుంపు మీదికొస్తుంటే అక్కడే నిలబడి దెబ్బలు తినమని ఏ చట్టమూ చెప్పదు.

చాలామంది ఈ సగం విని లేచి వెళ్లిపోతారు. మిగతా సగం కూడా వినండి. ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేకపోయారో ఆ కారణాన్ని కూడా 24 గంటల్లోపు స్టేషనులో చెప్పాలి. జనానికి భయపడి అక్కడి నుంచి తప్పుకున్నవాడు, పోలీసులకు దొరక్కుండా పారిపోయినవాడు ఒకటి కాదు. ఇద్దరూ అక్కడి నుంచి కదిలినవాళ్లే. ఒకడు స్టేషను వైపు వెళ్తాడు, ఇంకొకడు ఇంటి వైపు వెళ్తాడు. కోర్టులో నేను మాట్లాడగలిగేది ఆ మొదటివాడి కోసమే.

అందుకని గుంపు చేరుతుంటే కొంచెం ముందుకు తీసి, వెలుతురు ఉన్నచోట, బంకు దగ్గరో టోల్‌గేటు దగ్గరో ఆపండి. 108కి చేయండి. 112కి చేయండి. హైవే మీదైతే 1033 కూడా ఉంది. ఎవరు ఫోను చేశారో, ఎన్ని గంటలకు చేశారో రికార్డులో ఉంటుంది. ఏడాది తర్వాత మీ కేసులో పనికొచ్చేది ఆ ఒక్క నిమిషం ఫోను కాలే కావచ్చు.

శిక్ష ఎంత పడుతుంది?

రెండు రకాల లెక్కలున్నాయి, కలిపేసుకోవద్దు.

చేయాల్సినవి చేయకుండా వెళ్లిపోయినందుకు మోటారు వాహనాల చట్టం 187వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇదే నేరంలో ముందే ఒకసారి శిక్ష పడినవాడైతే ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మూడు నెలలు, 500 రూపాయలు ఉండేది.

ప్రమాదం చేసినందుకు వేరే. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యంగా బండి నడిపితే 281వ సెక్షన్, ఆరు నెలల వరకు. మామూలు దెబ్బ తగిలితే 125 (ఎ), ఇదీ ఆరు నెలల వరకు. ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే 125 (బి), మూడేళ్ల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. మనిషి చనిపోతే 106 (1), ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. స్టేషన్లలో పెద్దవాళ్లు ఇంకా "మూడొందల నాలుగు ఏ" అంటుంటారే, దాని స్థానంలో వచ్చింది ఇదే. పాతదాంట్లో రెండేళ్లే ఉండేది.

ఒక విషయం గుర్తుంచుకోండి. దెబ్బ తగిలిన మనిషి పది రోజులకు ఆసుపత్రిలో చనిపోతే కేసు అక్కడితో ఆగదు, సెక్షన్ మారుస్తూ పోలీసులు కోర్టులో మెమో వేస్తారు. "కాలే కదా విరిగింది" అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఆ రోజు పరుగెత్తుకొస్తారు.

పారిపోతే పదేళ్ల జైలు, ఏడు లక్షల ఫైను అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమా?

సగం నిజం, సగం పుకారు. కొత్త చట్టంలో 106 (2) అని ఒకటి రాశారు. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమై, వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలు, జరిమానా అని అందులో ఉంది. ఏడు లక్షలన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపేశారు, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల దగ్గర పొడవాటి క్యూలు కట్టారు, గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కేంద్రం కొత్త చట్టాన్ని జులై 1 నుంచి అమలుచేస్తూ ఈ ఒక్క భాగాన్ని పక్కన పెట్టింది.

పదేళ్లు లేవు కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. 106 (1) ఉంది, 187 ఉంది. పారిపోయిన తీరు చూసి శిక్ష ఎంత వేయాలో నిర్ణయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. నా అభిప్రాయం అడిగితే, వెళ్లిపోయినందుకు ఆరు నెలలు చాలా తక్కువ, పదేళ్లు చాలా ఎక్కువ. మధ్యలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

రాత్రి పూట, ఎవరూ చూడలేదు. నంబరు ఎవరు రాసుకుంటారు?

రొయ్యల ఐసు తోలే చిన్న వ్యాను కేసు ఒకటి చెబుతాను. సందెచీకట్లో సైకిల్ మీద పోతున్న పెద్దాయన్ని తగిలించి ఆగకుండా పోయాడు. చూసినవాళ్లు లేరు. రోడ్డు మీద కానిస్టేబులుకు దొరికింది అగ్గిపెట్టెంత పసుపుపచ్చ ముక్క, ఇండికేటరుది. దాన్ని పంచనామాలో రాసి కవర్లో పెట్టారు. ఐసు ఫ్యాక్టరీల దగ్గర బండ్లన్నీ చూసుకుంటూ పోతుంటే నాలుగో రోజు ఒకటి తగిలింది. దాని కుడి ఇండికేటరు దుమ్ము కొట్టుకుని రంగు వెలిసి ఉంది, ఎడమది తళతళలాడుతోంది. స్పేర్ పార్ట్స్ షాపు బిల్లు డ్రైవరు చొక్కా జేబులోనే ఉంది, ప్రమాదం జరిగిన మర్నాడు ఉదయం తేదీతో. ఆ పెద్దాయనకు భుజం ఎముక చిట్లింది, అంతే. ఆ రాత్రే స్టేషనుకు వెళ్లి ఉంటే బెయిలు మీద ఇంటికి వచ్చేవాడు. బిల్లు, కొత్త ఇండికేటరు చూశాక సాక్ష్యం మాయం చేశాడంటూ న్యాయ సంహిత 238వ సెక్షన్ కూడా కలిపారు.

ఇప్పుడు టోల్‌గేట్ల కెమెరాలు, ఫాస్టాగ్ టైము, బంకుల ముందు, షాపుల ముందు సీసీ కెమెరాలు, ఫోను టవరు లొకేషను అన్నీ ఉన్నాయి. ఎవరూ చూడలేదన్న మాటకు కాలం చెల్లింది.

దెబ్బ చిన్నదే. అతనే లేచి "పర్లేదు, పో అన్నా" అన్నాడు. ఇక స్టేషనుకు ఎందుకు?

తలకు తగిలిన దెబ్బ అప్పుడు తెలియదు. సాయంత్రం వాంతులవుతాయి, రాత్రికి ఒంగోలు రిమ్స్‌లో ఉంటాడు. అప్పుడు వాళ్లవాళ్లు ఇచ్చే ఫిర్యాదులో మీరు "గుద్ది పారిపోయిన" మనిషి. అతని పేరు, ఫోను నంబరు తీసుకోండి, మీది ఇవ్వండి, స్టేషనులో ఒక మాట చెప్పి రండి. పది నిమిషాల పని.

పెద్దమనుషుల్లో కూర్చుని డబ్బులిచ్చి రాజీ అయ్యాం. కాగితం కూడా రాసుకున్నాం. కేసు పోయినట్టేనా?

మనిషి చనిపోయిన కేసైతే పోదు. 106 రాజీకి వీలైన నేరం కాదు, అది ప్రభుత్వం పెట్టిన కేసు. మనిషి బతికి, దెబ్బలతో సరిపోయిన కేసుల్లో రాజీ మాట ఏదైనా కోర్టు ద్వారా, లాయరు ద్వారా జరగాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఊళ్లో రాసుకున్న కాగితం చూపించి 24 గంటల్లో ఎందుకు చెప్పలేదంటే జవాబు ఉండదు. డబ్బులిచ్చిన మాట మాత్రం దాచొద్దు. కోర్టు దాన్ని మంచిగానే చూస్తుంది.

లారీ ఓనర్ని నేను. డ్రైవరు బండి వదిలేసి పరారయ్యాడు. నాకేం సంబంధం?

ఆ రోజు బండి ఎవరు నడిపారో, వాడి లైసెన్సు వివరాలేమిటో పోలీసులు అడిగితే చెప్పాల్సింది మీరే, అది 133వ సెక్షన్. చెప్పకపోతే అదే 187 మీ మీదికి వస్తుంది. "ఎవరో టెంపరరీ డ్రైవరు సార్, పేరు తెలియదు" అనేది ఓనర్లందరూ చెప్పే మాట, ఎస్ఐలందరూ విన్న మాట.

దీని పక్కనే ఇంకో దురలవాటు ఉంది. నడిపింది ఓనరు కొడుకైతే, జీతానికి ఉండే డ్రైవరును స్టేషనుకు పంపి నేనే నడిపానని చెప్పించడం. "నీ పిల్లల చదువు మేం చూసుకుంటాం" అని మాటిస్తారు. దీన్ని సాయం అనుకుంటారు. పోలీసులకు తప్పుడు సమాచారం ఇవ్వడం, కోర్టులో అబద్ధపు సాక్ష్యం వేరే నేరాలు. ఫోను లొకేషను బయటపడిన రోజు పంపినవాడూ వెళ్లినవాడూ ఇద్దరూ ముద్దాయిలే. అలాంటి కేసు నా దగ్గరికి తేవద్దని ముందే చెబుతుంటాను.

మావాడికి పదహారేళ్లు. బండి వాడు తోలాడు. భయపడి ఇంటికొచ్చేశాడు.

పిల్లాణ్ణి తిట్టే ముందు తాళం ఎక్కడ పెట్టారో చూసుకోండి. 199ఏ సెక్షన్ కింద మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రి లేదా సంరక్షకుడు, బండి ఓనరు దోషులవుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. నాకు తెలియకుండా తీశాడని నిరూపిస్తే తప్పించుకోవచ్చు. కానీ రోజూ ట్యూషనుకు ఆ బండి మీదే పోతున్నాడని వీధంతా చెబుతుంది. వెంటనే మీరే వాణ్ణి వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లండి.

తాగి ఉన్నాను. మత్తు దిగాక వెళ్దామనుకున్నాను.

నిజం చెప్పినందుకు సంతోషం. చాలామంది పారిపోవడానికి అసలు కారణం ఇదే. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. దాన్నుంచి తప్పించుకోవడానికి రోడ్డు మీద మనిషిని వదిలేసి పోతే, ఆ మనిషి వైద్యం అందక చనిపోతే, మీ మీద పడేది 106 (1). బారు సీసీ కెమెరా, యూపీఐ బిల్లు ఉండనే ఉంటాయి.

పారిపోతే ఇన్సూరెన్స్ రాదా?

వెళ్లిపోయినంత మాత్రాన దెబ్బ తగిలినవాళ్లకు కంపెనీ ఇవ్వాల్సిన థర్డ్ పార్టీ నష్టపరిహారం ఆగదు. కానీ లైసెన్సు లేకపోవడం లాంటి షరతు ఉల్లంఘన ఉంటే, ముందు వాళ్లకు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని పరిహారం తేల్చే ట్రైబ్యునల్ చెప్పే అవకాశం ఉంది. అసలు పాలసీయే లేకపోతే పొలమో ఇల్లో అమ్మి కట్టాలి. సీజన్లో బండి తిప్పి పాలసీ రెన్యువల్ మర్చిపోయిన ఆటోవాళ్లు ఇక్కడే మునిగిపోతున్నారు.

బర్రెను గుద్దాను. మనిషి కాదు కదా?

134 మనిషి దెబ్బకే కాదు, ఇంకొకరి ఆస్తి నష్టానికీ వర్తిస్తుంది. ముర్రా బర్రె అంటే ఒక ఇంటికి జీవనాధారం. స్టేషనుకు వెళ్లి చెప్పాల్సిందే.

లైసెన్సు పోతుందా? బండి ఎప్పుడిస్తారు?

134 పాటించకపోవడం లైసెన్సు రద్దుకు కారణాల జాబితాలో ఉంది, కేంద్ర మోటారు వాహనాల నియమాలు 21లో. ఆర్టీవో నోటీసు ఇచ్చి మీ మాట వింటారు. ఆ నోటీసుకు జవాబు ఇవ్వకపోవడం మనవాళ్ల అలవాటు. ఇవ్వండి.

బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి రిపోర్టు ఇచ్చాక కోర్టులో పిటిషను వేసుకుని విడిపించుకోవచ్చు. అప్పటిదాకా స్టేషను ఆవరణలో ఎండకు ఎండుతుంది. ఆ రిపోర్టు రాకముందు బంపరు తట్టించడం, కడిగించడం చేయకండి.

విదేశాలకు వెళ్లాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అది చిన్న కేసా పెద్ద కేసా అని పాస్‌పోర్టు ఆఫీసు చూడదు.

మమ్మల్నే ఎవరో గుద్ది పోయారు. బండి నంబరు తెలియదు. మాకు దిక్కెవరు?

దిక్కు ఉంది, చాలామందికి తెలియదు. ఆసుపత్రికి వెళ్లగానే యాక్సిడెంటు కేసుగా రాయించండి. ముందు మేడ మీది నుంచి పడ్డాడని రాయించి తర్వాత మార్చమంటే మారదు. ఏ స్టేషను పరిధి అన్న పేచీ వద్దు, ఏ స్టేషనులో అయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. కాపీ ఉచితం.

బండి ఏదో ఎంత వెతికినా తేలకపోతే దాన్నే చట్టం హిట్ అండ్ రన్ అంటుంది. చనిపోతే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 ప్రభుత్వ పథకం కింద వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది, అంతకుముందు 25,000, 12,500 ఉండేది. దరఖాస్తు మీ రెవెన్యూ అధికారికి, అంటే ఆర్డీవో లేదా తహసీల్దారు స్థాయి అధికారికి ఇవ్వాలి. మంజూరు చేసేది కలెక్టరు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. కేసు కట్టిన నెలలోపు బండి దొరక్కపోతే, ఈ పథకం ఉందని స్టేషను అధికారే బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితం మీకు వచ్చిందా? రాకపోతే అడగండి.

బండి దొరికితే ఈ రెండు లక్షలతో సరిపెట్టుకోవద్దు. జిల్లా కోర్టులోని మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో కేసు వేయాలి. గడువు ఆరు నెలలు అని చట్టంలో పెట్టారు కాబట్టి కర్మకాండలు అయ్యాక చూద్దాం, పంట చేతికొచ్చాక చూద్దాం అని వాయిదా వేయొద్దు. ఫీజుకు డబ్బుల్లేకపోతే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోను చేసినా చాలు. ఇక వైద్యానికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మేలో తెచ్చింది. ఆసుపత్రి కౌంటరులో ఈ పథకం గురించి అడగండి.

దారిన పోతూ దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రిలో చేర్పిస్తే నన్నే ఇరికిస్తారేమో?

ఇరికించకూడదు. 134ఏ సెక్షన్, 2020లో వచ్చిన నియమాలు ఉన్నాయి. మీ పేరు చెప్పాల్సిన అవసరం లేదు, సాక్షిగా ఉండమని బలవంతపెట్టకూడదు, డబ్బు కట్టమని ఆసుపత్రి అడగకూడదు. పైగా తీవ్రంగా గాయపడినవాణ్ణి గోల్డెన్ అవర్‌లో, అంటే దెబ్బ తగిలిన గంటలోపు, చేర్పించి ప్రాణం నిలబెడితే రాహ్ వీర్ పథకం కింద 25,000 బహుమతి ఉంది. మనవాళ్లు సెల్‌ఫోనులో వీడియో తీస్తూ నిలబడేది భయం వల్లే అయితే, ఆ భయానికి ఇప్పుడు కారణం లేదు.

నిన్న రాత్రి వెళ్లిపోయాను. ఇప్పుడు ఏం చేయాలి?

టైము చూడండి. 24 గంటలు దాటకపోతే ఇంకా చట్టం ఇచ్చిన గడువులోనే ఉన్నారు. దాటినా వెళ్లండి. పోలీసులు వచ్చి పట్టుకెళ్లడానికి, మీరు నడిచి వెళ్లడానికి తేడా ఉంటుంది. 281, 125, 106 (1) మూడూ బెయిలు ఇవ్వదగ్గ నేరాలే కాబట్టి అరెస్టు అనగానే నెలల తరబడి జైలు అని టెన్షన్ పడొద్దు.

లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితం తీసుకోండి. బండిని కడగకుండా, దేన్నీ మార్చకుండా అలాగే ఉంచండి. ఒక తెల్లకాగితం మీద తేదీ, సుమారు టైము, ఏ ఊరి దగ్గర, ఏ దిశగా వెళ్తున్నారు, ఎలా తగిలింది, ఎందుకు ఆగలేకపోయారు, తర్వాత ఎక్కడికి వెళ్లారు అని వరసగా రాయండి. తెలిసిందే రాయండి, తెలియనిది కల్పించొద్దు. "నేను 40లో పోతున్నాను" అని అందరూ రాస్తారు, మీకు గుర్తులేకపోతే స్పీడు ఊసే వద్దు. మూడు కాపీలు చేసి ఒకటి స్టేషనులో ఇచ్చి, రెండోదాని మీద సంతకం, స్టాంపు వేయించుకోండి. ఇంకో కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి, పాలసీ నంబరు రాసి. లాయరుకు ఫోను దారిలో చేసుకోవచ్చు.